నలభై చుట్లు

నాగయ్య ఎడమ కాలి మీది దుప్పటి తొలగించిన డాక్టర్ చెన్నకేశవులు ఒక్క క్షణం తన కళ్ళను తానే నమ్మలేదు. కుడికాలు పలకల గనిలో పదిహేనేళ్ళు రాళ్ళు మోసిన కాలు. నరాలు తేలి, తుమ్మమొద్దులా గట్టిగా ఉంది. ఎడమకాలు మాత్రం ఆ మనిషిది కానట్టే ఉంది. తొడ నుంచి మడమ దాకా ఉబ్బి, చర్మం సాగి, నున్నగా మెరుస్తోంది. పిక్క మీద వేలు ఆనించగానే నాగయ్య పళ్ళు కొరికాడు. వేలు తీసినచోట పడిన గుంట ఎంతసేపటికీ పూడలేదు.

గజ్జల్లో పేగు జారితే ఆపరేషన్ చేసి సరిచేసిన మనిషి. ఇవాళ్టికి తొమ్మిదో రోజు. గాయం శుభ్రంగా మానింది. కుట్లు విప్పి ఇంటికి పంపవలసిన రోజున, కాలి నాళంలో నెత్తురు గడ్డకట్టి కూర్చుంది. మంచానికి అతుక్కుపోయిన రోగికి వచ్చే ఉపద్రవం ఇది. రోజూ నడిచే రోగికి రాకూడదు. రాదని డాక్టర్ చెన్నకేశవులు రెండేళ్ళుగా కనిపించిన ప్రతివాడికీ చెబుతున్నాడు. పదిహేను రోజుల కిందట ఆ మాటనే ఇరవైమూడు మంది రోగుల వివరాలతో వ్యాసంగా రాసి, మద్రాసులోని వైద్యుల సంఘానికి పంపాడు కూడా.

"ఇతను నడిచాడా?" అని పక్కనే ఉన్న కాంపౌండరు అమానుల్లాను అడిగాడు.

"రోజూ నలభై చుట్లు సార్. పొద్దున ఇరవై, సాయంత్రం ఇరవై. మీరు దోర్నాల పోయిన మర్నాటి నుంచి ఒక్క పూట తప్పలే. కాయితంలో రాసినా."

రాసే ఉంది. ఏడు రోజులకు ఏడు నలభైలు, ఏటవాలు అక్షరాల్లో. డాక్టరు ఆ కాగితాన్ని చదివి, మళ్ళీ కాలును చూశాడు. రెండింటిలో ఏదో ఒకటి అబద్ధం కావాలి. కాలు అబద్ధం చెప్పదు.

మనుషుల్ని నడిపించడం ఆయనకు వృత్తి కంటే ముందే అబ్బిన విశ్వాసం. తండ్రి తపాలా రన్నరు. సంచి వీపున వేసుకొని, గజ్జెల బల్లెం భుజాన పెట్టుకొని, యర్రగొండపాలెం నుంచి అడవి అంచు పల్లెలకు రోజుకు పన్నెండు మైళ్ళు పరిగెత్తిన మనిషి. డెబ్భయ్యో ఏట కూడా ఆయన మంచంలో పగలు పడుకోవడం కొడుకు చూడలేదు. ఆ కొడుకు మద్రాసులో శస్త్రవైద్యం చదివిన పెద్ద వార్డుల్లో నియమం వేరుగా ఉండేది. కోత పడిన రోగి మూడు వారాలు వెల్లకిలా పడుకోవాలి. చెన్నకేశవులు కూడా తాను పనిచేసిన ఆస్పత్రుల్లో పన్నెండేళ్ళ పాటు అదే పాటించాడు.

ఆ పన్నెండో ఏట వెలిగండ్ల వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. అంత విధేయుడైన రోగిని ఆయన ఎన్నడూ చూడలేదు. పక్కకు తిరగాలన్నా అడిగి తిరిగేవాడు. ఇంటికి వెళ్ళవలసిన రోజున నవ్వుతూ లేచి కూర్చొని, ఒక చెప్పులో కాలు పెట్టి, రెండో చెప్పు కోసం వంగి, అట్లాగే నేలకు ఒరిగి చనిపోయాడు. కోసి చూస్తే ఊపిరితిత్తులకు పోయే నాళంలో అడ్డంగా ఒక గడ్డ. కాలి నాళమే అచ్చుగా పోతపోసినట్టు ఉంది. పడక వల్లనే ఆ గడ్డ పుట్టిందా అన్న సందేహం నాటి నుంచి ఆయనను వదల్లేదు. దేశదేశాల వైద్య పత్రికలు తెప్పించుకొని చదివాడు. కోత పడిన మరునాడే రోగులను లేపి నడిపించిన వైద్యులు అక్కడక్కడా ఉన్నారని తెలుసుకున్నాడు.

మార్కాపురంలోని ఈ పన్నెండు మంచాల ఆస్పత్రికి వచ్చాక ఆయన ఊరినంతటినీ నడిపించడం మొదలుపెట్టాడు. ప్లీడర్లను తెల్లవారగానే గనుల దారి పట్టించాడు. కుర్రవాళ్ళకు కసరత్తు చేసే తాలీంఖానా పెట్టించాడు. "ఈయన మందు చీటీ రాయమంటే మైలురాళ్ళు రాస్తాడు" అని బజారులో ఎగతాళి చేసేవారు. ఆయన నవ్వేవాడు. కాని కోత పడిన రోగుల దగ్గర ఎగతాళి నవ్వుతో పోలేదు. బొమ్మలు గీసి, నిలిచిన నెత్తురు గడ్డకడుతుందని చెప్పబోతే, ఒక రోగి పెదనాయన అడ్డుతగిలాడు.

"నెత్తురేమన్నా కాలవ నీళ్ళా సామీ, నిలిస్తే పాచి పట్టేదానికి?"

వార్డంతా నవ్వింది. ఆ ప్రశ్నలో వెటకారం తప్ప మరొకటి డాక్టరుకు వినిపించలేదు. వీళ్ళకు చెప్పి ప్రయోజనం లేదని ఆ రోజే తీర్మానించుకున్నాడు.

తరవాత కొన్నాళ్ళకు వెంకటలక్ష్మమ్మ అనే ముసలామె కొడుకును తీసుకువచ్చింది. కోత పడిన మరునాడు, ఆస్పత్రి ముంగిట వేపచెట్టు చుట్టూ పొద్దున ఇరవై, సాయంత్రం ఇరవై చుట్లు నడిపించమంటే కళ్ళు చికిలించి అడిగింది.

"ఇదేం మొక్కు సామీ, ఇంత ఖరారుగా లెక్క చెప్తాండావు?"

"మొక్కే అనుకో అవ్వా."

"ఆ మాట ముందే చెప్తే ఏంది? ఒరే, లెయ్‌రా నాయనా, లెయ్" అంటూ ఆమె కొడుకును చంకల్లో చేతులు వేసి లేపింది. కొడుకు నడిచాడు. ఏడో రోజున నవ్వుతూ ఇంటికి పోయాడు.

దేవుడు లేడని ప్లీడర్లతో గంటలకొద్దీ వాదించే మనిషి ఆ సాయంత్రం నుంచి తన రోగులకు ఒక మొక్కును తయారుచేసి ఇచ్చాడు. విత్తనం మంచిదైతే ఏ సంచిలో తెస్తేనేం అని తనలో తాను మురిసిపోయాడు. వేపచెట్టు మొదట చుట్టుకొక పలకముక్క చొప్పున లెక్క పెట్టుకొనే అలవాటును రోగులే కల్పించుకున్నారు. ఆ నల్లటి కుప్ప పెరుగుతూ ఉంటే ఆయనకు తన వ్యాసమే పెరుగుతున్నట్టు ఉండేది.

నాగయ్యకు ఆపరేషన్ జరిగిన మరునాడే ఆయన దోర్నాల వెళ్ళవలసి వచ్చింది. శివరాత్రికి శ్రీశైలం పోయే యాత్రికులకు కలరా సూదులు వేసే కాంపు. వెళ్ళేముందు, "రేపటి నుంచి నలభై చుట్లు. మొక్కు తప్పితే నా పూచీ లేదు" అని నవ్వుతూ చెప్పి బండెక్కాడు. వారం తరవాత తిరిగివచ్చి మొదట చూసింది ఈ కాలు.

ఆయన మంచం పట్టె మీద కూర్చున్నాడు. "నాగయ్యా, దాచకుండా చెప్పు. తిరిగేటప్పుడు ఈ కాలు ఏ రోజున బరువనిపించింది? నొప్పి ఎన్నో చుట్టులో మొదలైంది?"

నాగయ్య అయోమయంగా చూశాడు. "నాకేం చుట్లు సామీ? తిరిగిందంతా ఆమె గదా. రెండు దినాలుగా పాదాలు పీకుతాండాయని మూలుగుతాంది పాపం."

"ఎవరు?"

"మా ఇంట్లోది. రాఘవమ్మ."

డాక్టరు లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో ఆయనకే తెలియలేదు. అమానుల్లా వైపు తిరిగితే, అతని ముఖంలో దొరికిపోయిన దొంగ వాలకం ఏమీ లేదు. అది ఆయనను మరింత భయపెట్టింది.

అమానుల్లా కేకేస్తే రాఘవమ్మ వాకిట్లోంచి వచ్చింది. ముప్పై ఏళ్ళు ఉంటాయి. అరికాళ్ళు పగిలి, పగుళ్ళలో పసుపు మెత్తి ఉంది. "ఏంది సామీ, పిలిచినావంట?"

"ఈ చుట్లన్నీ తిరిగింది నువ్వా?"

"నేనే సామీ." ఆమె ముఖం విప్పారింది. "ఒక్కటి తక్కువ గాలే. నడుమ ఒకపూట లెక్క మరిచిపోతే మళ్ళా ఒకటి కాణ్ణించి తిరిగినా."

"నిన్నెవరు తిరగమన్నారు? తిరగమన్నది నీ మొగుణ్ణి!"

ఆమె నివ్వెరపోయి ఆయన ముఖం చూసింది. "పచ్చిపుండు మనిషి సామీ. ఆయన మొక్కు ఆయనే తీర్చుకోవాల్నా? మా అత్త మంచం పట్టినప్పుడు కేశవస్వామి గుళ్ళో నూటెనిమిది తిరిగింది నేనే. ఇంట్లో ఎవురు తిరిగితే ఏంది?"

"మీరే మొక్కన్నారు గదా సార్" అన్నాడు అమానుల్లా, సాధుస్వరంతో. "మా దర్గాలోనూ అంతే. లేవలేనోడి మొక్కు వాళ్ళమ్మో పెండ్లామో తీరుస్తారు. లేచి తిరగగలిగినోడికి మొక్కెందుకు సార్?"

ఆ వాదంలో డాక్టరుకు ఎక్కడా లొసుగు కనిపించలేదు. మొక్కు అంటే ఏమిటో వాళ్ళకు తెలుసు. తెలియనిది తనకు. అరువు తెచ్చుకున్న మాట ఒంటరిగా రాదనీ, తన చట్టాన్నంతా వెంట తెచ్చుకుంటుందనీ అప్పటిదాకా ఆయనకు తట్టలేదు.

అమానుల్లాను గది బయటికి తీసుకుపోయాడు. "ఇంతకు ముందు వాళ్ళు? ఆ ఇరవైమూడు మంది?"

"మీరు ఎదురుగా నిలబడినప్పుడు వాళ్ళే తిరిగినారు సార్. మీరు కోర్టు సాక్ష్యానికో కాంపుకో పోయినప్పుడు... కొందరు వాళ్ళే. కొందరికి వాళ్ళవాళ్ళు. ఒకాయనకు బామ్మర్ది తిరిగినాడు, పూటకొక బీడీ ఇస్తే."

"ఎంతమంది?"

"అది రాయమన్లేదు గదా సార్."

ఇరవైమూడు మంది. నడిచినందువల్ల బాగుపడ్డారో, నడవకుండానే బాగుపడ్డారో, ఇక లోకంలో ఎవరూ చెప్పలేరు. ఆ సాయంత్రమే డాక్టరు, తన వ్యాసంలోని లెక్కలు నమ్మదగినవి కావనీ, దానిని చదవవద్దనీ మద్రాసుకు ఉత్తరం రాశాడు. రాయడం కష్టం కాలేదు. కష్టమైన పని వార్డులో ఉంది.

నాగయ్య కాలి కింద దిండ్లు పేర్పించి, కదలవద్దని ఆజ్ఞ ఇచ్చాడు. గడ్డ ఒకసారి పుట్టాక నడిపిస్తే అది ఊడి పైకి పోవచ్చు. కరిగించే మందు ఆయన దగ్గర లేదు. ఏ పడకను ఆయన రెండేళ్ళుగా తిట్టాడో ఆ పడకే ఇప్పుడు దిక్కు.

"పోయేటప్పుడు నడువంటివి. వచ్చి కదలొద్దంటివి" అన్నాడు నాగయ్య. "ఒక మాట మీద ఉండు సామీ. మా గనిలో మేస్త్రీ అయినా నీకంటే మేలు."

పక్క మంచాలవాళ్ళు నవ్వారు. రాఘవమ్మ నవ్వలేదు. "మరి నేను తిరగాల్నా, మానాల్నా?"

అప్పుడు చెప్పి ఉండవచ్చు. కాలు ఎందుకు వాచిందో, ఏమి జరగవచ్చునో, చుట్లకు అసలు కారణం ఏమిటో. కాని ఆమె కళ్ళలోకి చూస్తూ, నువ్వు తిరిగిన రెండువందల ఎనభై చుట్లూ వృథా అని చెప్పడానికి ఆయనకు గుండె చాలలేదు. "నీ ఇష్టమమ్మా" అని వెళ్ళిపోయాడు. ఆ మాటను ఆమె ఎట్లా అర్థం చేసుకున్నదో మరునాడు కిటికీలోంచి కనిపించింది. నలభైని ఎనభై చేసింది.

రెండు రోజులు ఏమీ జరగలేదు. వాపు కొద్దిగా తగ్గినట్టే ఉంది. డాక్టరు గంటకొకసారి వచ్చి కాలును కొలతపట్టీతో కొలిచాడు, నాడి చూశాడు, ఏదో ఒక సాకుతో మళ్ళీ వచ్చాడు. మూడో రోజు పొద్దున తొమ్మిది దాటాక నాగయ్య గంజి తాగి, ఉప్పు తక్కువైందని అమానుల్లాతో కీచులాడుతున్నాడు. మాట మధ్యలో ఆగిపోయింది. రొమ్ము పట్టుకున్నాడు. "ఊపిరి..." అన్నాడు. డాక్టరు పరుగున వచ్చేసరికి పెదవులు పలకరంగు తిరిగాయి. లేపి ఆనించి కూర్చోబెట్టారు. సూది వేశారు. ప్రాణవాయువు సీసా ఉన్నది నూరు మైళ్ళ అవతల. నాగయ్య చూపు తలుపు వైపు రెండుసార్లు తిరిగింది. మూడోసారి తిరగలేదు. అంతా కలిపి ఏడెనిమిది నిమిషాలు.

నాడి మీద వేలు తీయకుండా డాక్టరు అలాగే కూర్చున్నాడు. ఇలా జరగవచ్చునని పుస్తకాల్లో చదివాడు, ఒకసారి కళ్ళారా చూశాడు, మూడు రోజులుగా ఎదురుచూస్తున్నాడు. అయినా ఎన్నడూ వినని వార్త విన్నట్టు నిశ్చేష్టుడయ్యాడు.

రాఘవమ్మ గడపలో నిలబడి ఉంది. వగర్చుతోంది, చెట్టు దగ్గరి నుంచి వచ్చింది. ఆమె ఏడవలేదు. మొగుడి ముఖాన్నీ డాక్టరు ముఖాన్నీ మార్చి మార్చి చూసింది.

"ఇంకా తొమ్మిది ఉండాయి సామీ" అంది. "తొమ్మిది తక్కువైనందుకేనా?"

ఏదో ఒక మాట చెప్పి పంపవచ్చు. ఆయువు తీరిందంటే ఆమె నమ్ముతుంది, ఊరూ నమ్ముతుంది. డాక్టరు చనిపోయిన మనిషి చేతిని మంచం మీద పెట్టాడు.

"కాదమ్మా. నువ్వు లక్ష తిరిగినా ఇదే జరిగేది. అది మొక్కు కాదు. కదలకుండా పడుకుంటే కాళ్ళలో నెత్తురు నిలిచి గడ్డకడుతుంది. ఆ గడ్డ ఊడివచ్చి ఊపిరికి అడ్డంపడింది. గడ్డ కట్టకూడదనే నడవమన్నాను. నడవాల్సింది అతని కాళ్ళు. నేను ఆ మాట చెప్పలేదు. మొక్కని చెప్పాను. తప్పు నాది."

రాఘవమ్మ ఆ మాటలను ఒక్కొక్కటిగా లోపలికి దించుకుంటున్నట్టు పెదవులు కదిపింది.

"నెత్తురు నిలిస్తే గడ్డకడుతుందా?"

"అవును."

"ఇదేం కష్టమైన మాట సామీ?" అంది ఆమె. "కోసిన గొర్రె నెత్తురు దొప్పలో గడ్డకట్టేది చిన్నప్పట్నుంచీ చూస్తాండా. ఈ మాట చెప్పింటే నడుముకు తాడు గట్టి అయినా లేపుదును గదా. తన్నుదును, తిట్టుదును, నడిపిత్తును. నాకు అర్థం గాదనుకున్నావా?"

ఆమె జవాబు కోసం ఆగలేదు. మొగుడి పక్కకు పోయి, వాచిన ఆ కాలి మీద రెండు చేతులూ వేసి, అప్పుడు ఏడ్చింది. ఊళ్ళో ఎవరూ ఆయనను నిందించలేదు. మొక్కు తొమ్మిది చుట్లు తక్కువైందని చెప్పుకున్నారు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా కాదు, కాదు అని ఆయన పట్టుబట్టి చెప్పాడు. మర్యాదకు అంటున్నాడనుకున్నారు.

వారం తరవాత కాటమరాజుకు ఆపరేషన్ చేయవలసి వచ్చింది. దోర్నాల దారిలో బండి తోలే మనిషి, నాగయ్యకున్న జబ్బే. చేయలేనని రాసి నంద్యాల పంపుదామా అని డాక్టరు ఒక పగలంతా తటపటాయించి, చివరికి చేశాడు. మరునాడు పొద్దున మంచం పక్కన పీట వేసుకొని, కాటమరాజునూ అతని భార్య పద్మమ్మనూ కూర్చోబెట్టుకొని, నెత్తురు గుండె నుంచి కాళ్ళకు దిగే దారీ, పిక్కలు పిండినప్పుడల్లా అది పైకి ఎక్కే దారీ వేలితో చూపించి చెప్పాడు. చివరకు నాగయ్య సంగతి కూడా దాచకుండా చెప్పాడు. పద్మమ్మ గుండెల మీద చేయి వేసుకొని వింది.

"కుట్లు పిగలవా సామీ?"

"ఇప్పటిదాకా పిగల్లేదు. పిగిలితే మళ్ళీ కుట్టగలను. గడ్డ పైకి పోతే నేను తీయలేను."

"ఆయన బదులు నేను..."

"పనికిరాదు."

పద్మమ్మ మళ్ళీ అడిగింది. "మరి నిద్దరపోయేటప్పుడు అందరమూ పడుకొనే ఉంటాం గదా. అప్పుడెందుకు గడ్డకట్టదు?"

డాక్టరు ఆమె వైపు చూశాడు. ఇన్నేళ్ళ అనుభవంలోనూ, తెప్పించుకున్న పత్రికల్లోనూ వెదికాడు. "నాకు తెలియదమ్మా" అన్నాడు. "సరిగ్గా తెలిసినవాళ్ళు ఎవరూ ఉన్నట్టు లేదు."

"ఊఁ" అంది పద్మమ్మ. మొగుడి వైపు తిరిగింది. "ఇన్నావు గదా. లెయ్. నెత్తురు నీది, నేను తిరిగితే పారదంట."

"చంపుతాండారే ఇద్దరూ కలిసి! ఎద్దుల్ని కూడా ఇట్ల తోలలేదే నేను!"

"ఎద్దులకు నీ అంత నోరు లేదులే. లెయ్."

ఆమె ఒక రెక్క పట్టుకుంది. రెండో రెక్క డాక్టరు పట్టుకున్నాడు. కాటమరాజు ఇద్దరి వంశాలనూ తిడుతూ మంచం దిగాడు. ఒక అడుగు. రెండు. తలుపు దాకా పదకొండు అడుగులు. అక్కడ ద్వారబంధం పట్టుకొని ఆగిపోయాడు, ముఖమంతా చెమట.

"కాళ్ళు వణుకుతాండాయి సామీ."

"నావీ వణుకుతున్నాయి" అన్నాడు డాక్టరు. అది అక్షరాలా నిజం.